'బాబ్ ఎల్ హదీద్': కినావి మీద జాలిపడాలా, భయపడాలా?

ప్రశ్న:
యూసుఫ్ షాహీన్ 1958లో తీసిన ఈ ఈజిప్టు చిత్రాన్ని ('కైరో స్టేషన్' అన్నా ఇదే) మొన్న రెండోసారి చూశాను. కైరో రైల్వేస్టేషన్లో కాలీడ్చుకుంటూ పత్రికలు అమ్మే కినావి, కూల్‌డ్రింకుల బకెట్టుతో రైళ్ల వెంట తిరిగే హనూమా మీద మనసుపడి, ఆమె కాదన్నాక కత్తి కొంటాడు. మొదటిసారి చూసినప్పుడు కలిగిన జాలి ఈసారి నిలవలేదు. దర్శకుడి ఉద్దేశం ఏమై ఉంటుంది?

జవాబు 1:
జాలి కలిగించి, దాన్ని మన చేతే అనుమానింపజేయడమే ఉద్దేశమని నాకనిపిస్తుంది. పత్రికల్లోంచి ఆడవాళ్ల బొమ్మలు కత్తిరించి తన రేకుల గదిలో గోడలనిండా అంటించుకునే ఆ మనిషి పాత్రను షాహీన్ మరొకరికి ఇవ్వకుండా తానే వేశాడు. హనూమాను పెళ్లాడబోయే అబూ సెరీ (ఫరీద్ షౌకీ) స్టేషన్ కూలీలకు సంఘం పెట్టడానికి పోరాడుతుంటాడు. కానీ కూలీ కాని కినావికి ఆ సంఘంలోనూ చోటు లేదు. అన్నట్టు, షౌకీ ఫైటింగుల కోసం వచ్చిన నాటి ప్రేక్షకులు సినిమాను తిప్పికొట్టారు.

జవాబు 2:
పై మిత్రులతో కొంతవరకే ఏకీభవిస్తాను. అంచుకు నెట్టబడింది కినావి ఒక్కడేనా? హింద్ రుస్తుం వేసిన హనూమాను ఒకవైపు పోలీసులు తరుముతుంటారు, మరోవైపు కాబోయే భర్తే కొడతాడు. రైలు పెట్టెలో కుర్రకారు వాయించే రాక్ అండ్ రోల్‌కు ఆమె సీసాలు పట్టుకుని ఆడుతుంటే, బయట నిలబడ్డ కినావి ముఖం వెలిగిపోతుంది. ఆమె సంతోషం తనకోసమే అనుకునే ఆ చూపులోనే ప్రమాదమంతా ఉంది. చివరకు అతని కత్తి దిగింది హనూమాకు కూడా కాదు, చీకట్లో ఆమె అనుకుని పొడిచిన మరో పిల్లకు. ఆ పిల్ల గురించి మనమెవరమూ మాట్లాడుకోము.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, నేనూ ఆమెను మరిచాను. అయినా ముగింపు నన్ను వదలడం లేదు. అతణ్ని చేరదీసిన పత్రికల దుకాణదారు మద్బూలీ, పట్టాల మీద హనూమా గొంతుకు కత్తి పెట్టిన కినావిని పెళ్లి చేస్తానని బుజ్జగించి, పెళ్లిబట్టలంటూ పిచ్చివాళ్లకు తొడిగే చొక్కా తొడిగిస్తాడు. కినావి నమ్మి, చేతులు చాపుతాడు.