పరీక్ష భయం, నిలవని ధ్యాస: అరగంట అదనంగా అడగాలా, వద్దా?

పలక_బలపం
ధ్యాస నిలవని పిల్లలకు పరీక్ష భయం కూడా తోడైతే ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. ఇంట్లో అడిగితే గడగడా చెప్పేస్తారు. పేపరు చేతికొచ్చేసరికి అరచేతులు చెమటలు, చివరి రెండు పేజీలు ఖాళీ. ఇలాంటి పిల్లలకు గంట పేపరుకి అరగంట అదనంగా, వేరే గదిలో ఇస్తామని బడివాళ్లే అంటే ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే భయం ముదురుతుందని కొందరు, ఒప్పుకోకపోతే పిల్లలకు అన్యాయమని కొందరు. కారణాలతో చెప్పండి. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా" కబుర్లు మాత్రం వద్దు, దండం పెడతా.

ఎర్రసిరా
ఒప్పుకునే ముందు దిద్దిన పేపర్లు నాలుగైదు ముందేసుకుని కూర్చోండి. మార్కులు పక్కన పెట్టి, తప్పు ఎక్కడ పడిందో చూడండి.

చివర్లో వరసగా ఖాళీలుంటే సమయం చాలలేదు. మధ్యమధ్యలో ఒక్కో ప్రశ్న వదిలేసినా, ప్లస్‌ని మైనస్‌గా చదివినా, "కారణం కూడా రాయండి" అన్న రెండో ముక్క ఎగిరిపోయినా అది ధ్యాస జారడం. మొదటి పేజీ నిండా కొట్టివేతలు, రెండో పేజీ నుంచి శుభ్రంగా ఉంటే మొదటి పది నిమిషాలు భయం మింగేసింది. రెండు మార్కుల ప్రశ్నకి ముప్పావు పేజీ రాస్తే సమయం పంచుకోవడం రాలేదు. అరగంట అదనం వీటిలో మొదటిదానికే పనికొస్తుంది.

ఇంకా అనుమానమైతే ఒకే స్థాయి పేపర్లు రెండు తీసుకోండి. వేర్వేరు రోజుల్లో, ఒకే వేళకి, ఒకటి గడియారం లేకుండా, ఇంకొకటి గడియారం పెట్టి రాయించండి. సరైన జవాబులు దాదాపు సమానంగా వస్తే సమయం అడిగి లాభం లేదు.

నత్తనడక
ఎర్రసిరా గారూ, ఇంట్లో పెట్టే పరీక్షలో భయం బయటపడదండీ. పైగా చివరి ఖాళీలు భయం వల్లా వస్తాయి.

పరీక్ష భయంలో రెండు పాళ్లున్నాయని లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వ పరిశోధకులు 1967లోనే విడదీసి చూపించారు. ఒకటి ఒంటికి పట్టేది: గుండెదడ, చెమట. రెండోది మనసులో తిరిగేది: "అయిపోదు, ఫెయిలైపోతా". మార్కులు తినేది ఎక్కువగా రెండోదే. లెక్క చేసేటప్పుడు మధ్య అంకెలు గుర్తుంచుకోవాల్సిన చోటునే ఆ గొణుగుడూ ఆక్రమిస్తుంది. ఎక్కాలు నిద్రలో కూడా చెప్పే పిల్ల "ఆరు వేసి, చేతిలో ఐదు" దగ్గర ఆ ఐదుని మర్చిపోయేది అందుకే. టైముంది అని ముందే తెలిస్తే గొణుగుడు తగ్గుతుంది. ఆ అరగంట వాడుకోకపోయినా పనిచేసినట్టే.

గంటకొట్టు
భయం ఒక్కటే ఉన్న పిల్లల విషయంలో ఒప్పుకుంటా. ధ్యాస కూడా నిలవనివాళ్లను తొంభై నిమిషాలు ఒకే కుర్చీలో కూర్చోబెట్టడం సాయమా, శిక్షా? ఆ చివరి అరగంటలో రాసేది తక్కువ, కిటికీలోంచి చూసేది ఎక్కువ. సరైన జవాబు కొట్టేసి తప్పు రాసేది కూడా అప్పుడే.

అడగాల్సింది విరామం. 20–25 నిమిషాలకోసారి 3–5 నిమిషాలు. ఆ సేపు గడియారం ఆగాలి, పేపరు బోర్లించాలి. నీళ్లు తాగి నాలుగడుగులు వేస్తే చాలు. ఎవరైనా కబుర్లు పెట్టుకుంటే మళ్లీ పేపరు మీదకి రావడమే గగనం. పేపరు మొత్తం ఒకేసారి చేతికివ్వకుండా పేజీ తర్వాత పేజీ ఇవ్వమని కూడా అడగొచ్చు. కుదరదంటే ఖాళీ కాగితంతో కింది ప్రశ్నలు కప్పుకుని రాయడం నేర్పండి.

మూలబెంచి
వేరే గది సంగతి ఎవరూ ఎత్తలేదు. పక్కవాళ్లు పేజీలు తిప్పే చప్పుడు, ఇరవయ్యో నిమిషానికే "సార్, అడిషనల్" అనే గొంతు ఉండవు, అంతవరకు బాగు. కానీ ఖాళీ గదిలో ఒక్క పిల్ల, ఎదురుగా ఒక్క టీచరు ఉంటే చూపంతా తన మీదే ఉన్నట్టుంటుంది. బయటికొచ్చాక "నిన్నెందుకు వేరే కూర్చోబెట్టారు?" అనే ప్రశ్న ఒకటి కాచుకుని ఉంటుంది. ముందు వరసలో గోడ వైపు చివరి సీటు, తలుపుకీ కిటికీకీ దూరంగా. ముందు అది అడిగి చూడండి. వేరే గదే అయితే ముగ్గురు నలుగురు కలిసి రాసేది మేలు, టీచరు వెనక కూర్చోవాలి.

మెట్టుమెట్టు
ఇవన్నీ పరీక్షని మార్చేవి. భయాన్ని తగ్గించేది పరీక్షే, చిన్న చిన్న మోతాదుల్లో. వచ్చిన ప్రశ్నలు ఐదు, గడియారం లేకుండా. తర్వాత అవే గడియారంతో. తర్వాత ఎవరైనా పక్కన నిలబడి ఉండగా. తర్వాత ఖాళీ క్లాసులో, తర్వాత అందరితో. ప్రతి మెట్టు దగ్గరా భయం పదికి ఎంతుందో పిల్లనే చెప్పమనాలి. మొదట చెప్పిన అంకె సగానికి పడేదాకా అదే మెట్టు.

ఎక్కువగా చెడేది ఇక్కడ: అంకె ఎనిమిదో తొమ్మిదో ఉన్నప్పుడు జాలిపడి ఆపేస్తారు. పారిపోతే హాయిగా ఉంటుందని ఆ రోజు పిల్ల నేర్చుకుంటుంది. తట్టుకోలేకపోతే ప్రశ్నలు తగ్గించండి, ఒక్క ప్రశ్నైనా పూర్తి చేయించి లేపండి. "ఏం కాదులే" అని మాటిమాటికీ అనడం కూడా ఆపాలి. అన్నిసార్లు అంటున్నారంటే ఏదో అవుతుందనే అర్థం చేసుకుంటారు.

నత్తనడక
మెట్లు సరే. పరీక్ష వచ్చే వారమైతే?

మెట్టుమెట్టు
అప్పుడు ఊపిరి. నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి, రెండు మూడు నిమిషాలు. బలంగా పీల్చకూడదు, తల తిరుగుతుంది, అది చూసి ఇంకా భయపడతారు. రోజూ మామూలు వేళల్లో అలవాటు చేయకుండా పరీక్ష రోజు చెప్తే అదీ ఇంకో పరీక్షైపోతుంది.

పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల్ని కాగితం మీద రాసినవాళ్లు మెరుగ్గా రాశారని 2011లో రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు 'సైన్స్' అనే పత్రికలో ప్రచురించారు. తర్వాత మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదు. కాబట్టి వారం పరీక్షలో చూడండి, ఏడాది చివర కాదు.

కొత్తచీపురు
ధ్యాస నిలవడానికి మందు వాడే పిల్లలైతే?

ఎర్రసిరా
అది డాక్టరు గారి పని. అడగాల్సినవి మాత్రం చెప్తా. అలాంటి మందుల్లో ఒకటైన మిథైల్‌ఫెనిడేట్, తక్కువసేపు పనిచేసే రకం, అరగంట నుంచి గంటలో అందుకుని సుమారు నాలుగు గంటలుంటుంది. ఉదయం వేసింది మధ్యాహ్నం పేపరుకి అందదు. కొందరిలో గుండె వేగం కాస్త పెంచుతుంది, దాన్ని పిల్లలు భయం అనుకుంటారు. మోతాదు మార్పులు పరీక్షల వారంలో పెట్టుకోవద్దు.

ఇంకోటి. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) అనాలంటే లక్షణాలు పన్నెండేళ్ల లోపే కనబడి, కనీసం ఆర్నెల్ల పాటు, ఒకటికి మించిన చోట్ల ఉండాలి. పరీక్షల్లోనే ధ్యాస పోయి, ఆటలో, ఇంట్లో, మామూలు క్లాసులో బాగుంటే ముందు భయం సంగతి చూడండి.

పలక_బలపం
సరే, అరగంట తీసుకున్నారనుకుందాం. ఎప్పుడు తగ్గించాలి?

గంటకొట్టు
మామూలు గంట కాగానే పెన్ను మార్పించండి. నీలం పోయి నలుపు. నలుపులో వచ్చిన మార్కులు వరసగా మూడు పరీక్షల్లో రెండు మూడు మించకపోతే అరగంటని ఇరవై నిమిషాలు చేయండి, తర్వాత పది.

నత్తనడక
పెన్ను మార్చమనడమే "నీ టైమైపోయింది" అని చెప్పడం కదండీ. టీచరే వచ్చి మార్జిన్‌లో చిన్న గీత పెట్టి వెళ్తే సరిపోతుంది. అందరి పేపర్ల మీదా పెడితే ఇంకా మంచిది.