అప్‌డేట్: బీరువా సర్దాను, డ్యూటీకి పోతున్నా

కాన్పు తర్వాత ఒక్క జాకెట్టూ పట్టడం లేదు, బీరువా తెరిస్తేనే ఏడుపొస్తోంది, మళ్ళీ ఉద్యోగానికి ఎట్లా పోవాలి అని పోయిన నెల అడిగాను. ఇప్పటి ఒంటికి పట్టేవే ఎదుట పెట్టుకోమన్నారు మీరు.

ఆదివారం నేనూ మా అత్తా గుడ్డలన్నీ మంచం మీద పోశాం. పట్టని చుడీదార్లు చెల్లెలికిచ్చా. కుట్టు విప్పితే వదులయ్యే జాకెట్లు ఆరు తేలాయి! లోపల అంత గుడ్డ వదిలి కుట్టారని నాకు తెలీనే తెలీదు. బైరాగిపట్టెడలో టైలరు రెండు రోజుల్లో సరిచేసిచ్చాడు.

మనసు కష్టపడింది పెళ్ళి పట్టుచీర దగ్గరే. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉండి జరీ విరిగింది. అప్పుడప్పుడూ మడత మార్చాలంట, ప్లాస్టిక్ కవరు తీసేసి పాత నూలు పంచెలో చుట్టాలంట, నాఫ్తలిన్ ఉండలు జరీకి తగలకూడదంట. అత్త పక్కన కూర్చుని అన్నీ చేసి చూపించింది. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఎదుటి అరలో పది జతలే. పొద్దున వెతుకులాట లేదు, ఏడుపూ లేదు. పాపకు ఉగ్గు తినిపించి నింపాదిగా బస్సెక్కుతున్నా.

సన్నబడితే కడదామని దాచిన రెండు చీరలు పై అరలో ఉన్నాయి. వాటిని ఇంకా తీయలేకపోయా.