రోజుకో వాగ్దాన వచనం: ఆత్మీయంగా ఎదుగుతున్నామా, ఓదార్పుతో సరిపెట్టుకుంటున్నామా?

కృష్ణపట్టె: అందరికీ వందనాలు. మాది మిర్యాలగూడ దగ్గర. మొన్న యూత్ మీటింగ్‌లో గొడవంత పనైంది. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే బైబిల్ వాగ్దాన వచనంతో విశ్వాసం బలపడుతుందని కొందరు, అది రాశిఫలాలు చూసుకోవడం లాంటిదేనని కొందరు. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: రాశిఫలాలు అన్నదెవరో గానీ బాధేసింది. మా గ్రూపులో రోజూ వచనం పెట్టేది నేనే. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో పని చేస్తా. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. పొద్దున డ్యూటీ దిగి బస్సెక్కాక కీర్తనలు తీసి చదువుతా, మనసుకు తగిలిన వచనం ఫొటో మీద రాసి పంపుతా. బస్సు మహబూబ్‌నగర్ చేరేలోపు ఆ కాసేపే నాకు ప్రార్థన. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే పడింది. తెల్లారేదాకా దాచుకుంటే పురుగు పట్టింది. నిన్నటి ధైర్యం ఇవాళ్టికి సరిపోదు, అందుకే రోజూ కావాలి.

బెరయవాడు: రోజూ చదవడం మంచిదే. ముందూ వెనకా చూడకుండా చదవడంతోనే వస్తోంది చిక్కంతా. యిర్మీయా 29:11 తీసుకోండి, మీ విషయంలో నావి సమాధానకరమైన ఉద్దేశాలే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే మాట. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు తీసేటప్పుడు అందరికీ అదే రావాలని ఉంటుంది. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. పై వచనంలోనే 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంతూరు చూడరు. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నది హనన్యా, 28వ అధ్యాయం. అతను అబద్ధ ప్రవక్త. మనం ఫార్వర్డ్ చేసేది యిర్మీయా మాట, మనసులో ఆశపడేది హనన్యా మాట.

పాలమూరోడు: చివరి లైను అదిరింది అన్నా.

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: నేను 29:11 ఎప్పుడూ పెట్టలేదు బ్రదర్.

బెరయవాడు: ఫిలిప్పీ 4:13 పెట్టే ఉంటారు, నన్ను బలపరచువానియందే సమస్తమూ చేయగలను అన్నది. చెరలో ఉన్న పౌలు, కడుపు నిండినా ఆకలితో ఉన్నా ఒకేలా ఉండటం నేర్చుకున్నానని చెప్పే చోటు అది. పరీక్షలు పాసవడానికి కాదు.

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: పెట్టాను, అయితే ఏంటి? ఆ మాట పట్టుకుని ఒక పిల్ల ధైర్యంగా పరీక్ష హాల్లోకి పోతే దేవుడికి కోపమొస్తుందా?

దేవరకొండ అక్క: మీ ఇద్దరూ వచనం ముందూ వెనకా వెతుకుతున్నారు. అందుకున్న మనిషి ముందూ వెనకా ఎవరైనా చూశారా? పోయిన వానాకాలం మా ఆయనకు హైదరాబాద్‌లో ఆపరేషన్. నేను వార్డు బయట వరండాలో చాప వేసుకుని పడుకునేదాన్ని. తెల్లారకముందే ఫోన్ టింగు టింగుమనేది. గులాబీలు, పావురాలు, పొద్దు పొడుపు, కింద కీర్తన. ఒకే బొమ్మ మూడు గ్రూపుల్లో. ఆ బొమ్మలతో ఫోన్ నిండిపోయి, ల్యాబ్ వాళ్లు పంపిన రిపోర్టు డౌన్‌లోడ్ కాలేదు. వరండాలో కూర్చుని ఒక్కో వాగ్దానం డిలీట్ చేసుకున్నా. అదే గ్రూపులో రక్తం కావాలని పెడితే వరసగా "ఆమెన్" అని వచ్చింది. చదివారో లేదో కూడా తెలియదు. బట్టలూ తిండీ లేనివాళ్లతో "సమాధానంగా వెళ్లండి, చలి కాచుకోండి" అని ఊరికే అనేవాళ్ల సంగతి యాకోబు 2:16లో ఉంది. అది మాత్రం ఏ కార్డు మీదా రాయరు.

ఇంకొకటి తమ్మీ. మన్నాను ఎవరూ గుడారంలోకి తెచ్చి పెట్టలేదు. లేచి బయటికి పోయి ఏరుకున్నారు.

పాత సంఘం: 1890లో మిషనరీ ఫ్రీసెన్ దొర నల్గొండలో పని మొదలుపెట్టినప్పుడు మన ఊళ్లల్లో చదువొచ్చినవాళ్లు ఎంతమంది? వాక్యం చెవిన పడే పెరిగింది. మా నాయనమ్మకు అక్షరం రాదు, 23వ కీర్తన మొత్తం నోటికొచ్చు. ఇళ్లకు తిరిగి వాక్యం చెప్పే బైబిల్ వుమన్ ఇంటికొచ్చి నేర్పిందట. నాటు వేస్తూ చెప్పుకునేది.

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: అక్కా, మీ కష్టానికి బాధగా ఉంది. కానీ ఆ కోపం వచనం మీద చూపిస్తే ఎట్లా? ఆమెన్ అన్నవాడు ఎక్కడ ఏ పనిలో ఉన్నాడో. నచ్చకపోతే గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోవచ్చు.

దేవరకొండ అక్క: అయ్యాను. ఎందుకు పోయావని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. సరే, నీ సంగతే చెప్పు. రోజూ పంపుతున్నావు కదా, నీ గ్రూపులో ఇవాళ జ్వరంతో పడుకున్నదెవరు?

బెరయవాడు: టాపిక్ పక్కకు పోతోంది. సందర్భం తెలిసి చదివితే ఈ సమస్యే రాదు.

దేవరకొండ అక్క: వస్తుంది బ్రదర్. మా సంఘ పెద్దకు యిర్మీయా మొత్తం తెలుసు. ఆస్పత్రికి ఆయనా రాలేదు.

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: తెలియదు. ఎవరికి జ్వరమో నాకు తెలియదు. తెలిసినా సెలవు దొరకదు. షిఫ్టులు మారుతుంటాయి, చాలా ఆదివారాలు డ్యూటీలోనే ఉంటా. మేం పోయే గుడిలో పుల్పిట్ మీద నుంచే "కొందరికి దేవుడికంటే ఓవర్‌టైం పెద్దది" అన్నారు. అమ్మ ముందు వరసలో ఉంది. ఆ నెల ఇంటద్దె ఆ ఓవర్‌టైంతోనే కట్టాం. అప్పటి నుంచి గుడికి పోలేదు. ఈ వచనాలు కూడా పంపకపోతే నేను విశ్వాసినని నాకే గుర్తుండదు. అది కూడా తీసేయమంటారా?

పాలమూరోడు: అట్లా పేరు పెట్టకుండా దెప్పడం మా దగ్గరా ఉంది.

దేవరకొండ అక్క: తీసేయమని ఎవరన్నారు? అమ్మ ముందు అట్లా అనడం తప్పు, ఆ అన్నాయన నీ ఇంటికొచ్చి మాట్లాడాల్సింది. నీ దగ్గరికీ ఎవరూ రాలేదు, నా దగ్గరికీ ఎవరూ రాలేదు. అయినా నువ్వు వాళ్లను వెనకేసుకొస్తున్నావు. ప్రతిరోజూ ఒకరినొకరు హెచ్చరించుకోండి అని హెబ్రీ 3:13లో ఉన్నది ఎదురుగా మనిషి ఉంటేనే అవుతుంది. సెలవు పెట్టమనలేదు. పంపేవాళ్లలో రోజుకొకరికి ఫోన్ చెయ్.

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: నాకు ఖాళీ దొరికేది రాత్రి రెండింటికి, క్యాంటీన్‌లో. ఆ టైంలో చేస్తే తిట్టరా?

దేవరకొండ అక్క: ఆస్పత్రిలో ఉన్నోళ్లు తిట్టరు. అప్పుడు మేల్కొని ఉండేది వాళ్లే.

బెరయవాడు: లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరన్నారు కదా?

నైట్‌షిఫ్ట్ తమ్ముడు: క్యాంటీన్ దగ్గర లాకర్లుంటాయి బ్రదర్. అక్కడ తీసుకోవచ్చు. బస్సు వచ్చింది, పోతున్నా. ఫోన్ల సంగతి చూస్తా. మన్నా గురించి అక్క అన్నది మాత్రం ఒప్పుకోను. ఏరుకున్నది వాళ్లే, కురిపించింది దేవుడే కదా. రాత్రి బ్రేక్‌లో రాస్తా.