మోకు మీద మార్లైన్ చుట్టు: బిగించగానే వదులవుతోంది, ఎందుకు?

తెరచాప_కొస
24 మి.మీ. మనీలా మోకు, మూడు పేటలది, కుడి పురి. ష్రౌడ్‌గా, అంటే మాస్ట్ (తెరచాప కొయ్య) పక్కకి ఒరగకుండా పట్టి ఉంచే తాడుగా కట్టాలి. ఒరిపిడి తగిలే చోట మీటరున్నర మేర 3 మి.మీ. తారు మార్లైన్ (సన్న పురికొస) చుట్టాం. చుట్టేటప్పుడు గట్టిగానే లాగాం. తీరా మోకు బిగించాక చుట్ల మధ్య సందులు వచ్చాయి, బొటనవేలితో తోస్తే జరుగుతున్నాయి. పైగా మార్లైన్ సగంలోనే అయిపోయింది. ఎంత పడుతుందో లెక్క ఉందా? కింద గుడ్డ తప్పనిసరా?

ఎడమపురి
మోకుని వదులుగా ఉంచి చుట్టినట్టున్నారు. బిగిస్తే మోకు సాగుతుంది, సాగితే సన్నబడుతుంది. అప్పుడు పైచుట్టు తొడుగులా మిగిలిపోతుంది. రెండు గుంజల మధ్య నడుము ఎత్తున, తీగలా మోగేంత బిగించి, ఆ తర్వాతే చుట్టాలి. చేతులతో ఎంత లాగినా ఈ లోటు పూడదు.

లెక్క తేలికే. గుడ్డతో కలిపి మోకు మందం 26 మి.మీ. అనుకోండి. దానికి మార్లైన్ మందం 3 కలిపితే 29. 29ని 3.14తో గుణిస్తే ఒక్క చుట్టుకి 91 మి.మీ. మీటరుకి 333 చుట్లు. అంటే మీటరు మోకుకి 30 మీటర్ల పైచిలుకు మార్లైన్. మీ మీటరున్నరకి 46, కొసలూ తరుగూ కలిపి 50 మీటర్ల ఉండ పెట్టుకోండి. మధ్యలో అతుకు పడితే అక్కడే ముందు ఊడుతుంది.

మాలెట్_పిడి
గుడ్డ తప్పనిసరే. అంతకంటే ముందు పేటల మధ్య గాళ్లు పూడ్చాలి. మూడు గాళ్లలో మూడు సన్న పురికొసలు పురి వెంటే పరవండి. ఇది వార్మింగ్. వదిలేస్తే నీళ్లు ఆ గాళ్ల వెంటే లోపలికి పాకుతాయి, పైచుట్టుకి గుండ్రటి ఆనిక కూడా దొరకదు.

తర్వాత పార్సెలింగ్. తారు పూసిన పాత కాన్వాస్‌ని 5 సెం.మీ. పట్టీలుగా చింపి, అదీ పురి వెంటే, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా చుట్టండి. ష్రౌడ్ నిలువుగా ఉంటుంది కాబట్టి కింది నుంచి పైకి చుట్టాలి. పెంకుటింటి కప్పులాగా పై పొర కింది పొరని కప్పుతుంది, వాన జారిపోతుంది. తలకిందులు చేస్తే ప్రతి మడతా నీటి జేబే.

మార్లైన్ మాత్రం పురికి ఎదురు, పై నుంచి కిందికి. కుడి పురి మోకు బరువు పడితే విడివడాలని చూస్తుంది. అలా తిరిగినప్పుడు ఎడమ చుట్టు ఇంకా బిగుస్తుంది, కుడి చుట్టయితే వదులవుతుంది. మీ సందులకి ఇదీ ఒక కారణం కావచ్చు, చుట్టిన దిక్కు చూడండి.

చేత్తో లాగితే చుట్టుకో బిగువు. సర్వింగ్ మాలెట్ (తలకి గాడి ఉన్న కొయ్య సుత్తి) గాడిని మోకు మీద ఆనించి, మార్లైన్‌ని తల మీదుగా తిప్పి పిడికి రెండు మూడు చుట్లు వేయండి. బిగువంతా ఆ పిడి చుట్లలోనే ఉంటుంది. ఒకరు మాలెట్ తిప్పుతుంటే ఇంకొకరు ఎదుటి పక్క నుంచి ఉండ తిప్పి అందించాలి.

మొదటి కొసని ఎనిమిది పది చుట్ల కింద తొక్కించండి. చివర మాలెట్ తీసేసి, ఆరు చుట్లు కావాలనే వదులుగా వేసి, కొసని వాటి కింద నుంచి వెనక్కి దూర్చండి. ఒక్కో చుట్టునీ మార్లిన్‌స్పైక్‌తో (మొన ఉన్న ఇనప కడ్డీతో) వరసగా బిగిస్తూ వచ్చి, మిగిలిన కొసని లాగి, అంచుకి కోసేయండి. తొందరపడి ఆరింటినీ ఒకేసారి లాగితే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పైన పైన్ తారు పట్టించండి.

తెరచాప_కొస
దిక్కు చూశాను, పురి వెంటే చుట్టాం. విప్పేస్తున్నాం. ఒడ్డుకి కట్టే నైలాన్ మోకుకి కూడా ఇలాగే చేయొచ్చా?

ఎడమపురి
వద్దండి. నైలాన్ బాగా సాగుతుంది, ఏ చుట్టూ దాని మీద నిలవదు. ఫెయిర్‌లీడ్ (పడవ అంచున మోకుని దారిలో నడిపే బిగింపు) దగ్గర రాసుకునే చోట కాన్వాస్ తొడుగో పాత ఫైర్ హోస్ ముక్కో వదులుగా తొడిగి, రెండు కొసలా కట్టేయండి. బ్లాకుల్లో (కప్పీల్లో) తిరిగే తాళ్లకి కూడా ఈ చుట్టు పనికిరాదు, ఇరుక్కుంటాయి. స్టెయిన్‌లెస్ తీగకైతే అసలే వద్దు. గాలి తగలని చోట తేమ నిలిస్తే గుంటలు పడి తినేస్తుంది, పైకి ఏమీ కనపడదు.

మాలెట్_పిడి
మనీలా కూడా లోపల కుళ్లితే పైకి తెలియదు. ఏడాదికోసారి నీరు దిగే కింది కొసన జానెడు విప్పి చూడండి. పేటని కొంచెం విడదీస్తే లోపలి నార బూడిద రంగులో పొడిగా రాలిందా, మోకు మార్చాల్సిందే.