మా పాత బడిని నిలబెట్టుకునే దారి ఉందా?

ప్రశ్న:
కడపలో నేను ఐదో తరగతి వరకు చదివిన బడికి చాలా ఏళ్లుగా తాళం వేసి ఉంది. సున్నపు గచ్చుతో కట్టిన రాతి గోడలు, నల్లటి కడప బండలు పరిచిన వరండా ఇంకా గట్టిగానే ఉన్నాయి గానీ, మిద్దె మీద మొలిచిన రావి మొక్క వేళ్లు గోడను చీలుస్తున్నాయి. కూల్చి అంగళ్లు కడతారని వింటున్నాను. ఆపడానికి ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1:
ఒంటిపూట బడి రోజుల్లో ఆ బండల మీద బోర్లా పడుకుని ఎక్కాలు వల్లె వేసేవాళ్లం. చల్లదనం చొక్కాలోంచి పొట్టకు తగిలేది. గంటకు బదులు రైలు పట్టా ముక్క వేలాడుతుండేది. అదైనా ఉందా? (నిజానికి నాకు దాని మీదే బెంగ ఎక్కువ.)

జవాబు 2:
రావి మొక్కను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది కనుక వేరును చంపి, ఆ సందును సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి రాయిని, సున్నాన్ని పాడు చేస్తుంది. 1958 నాటి కేంద్ర చట్టం కనీసం 100 ఏళ్లు నిండిన వాటినే ప్రాచీన కట్టడాలుగా లెక్కిస్తుంది కాబట్టి, శిలాఫలకం, ప్రవేశ రిజిస్టర్లు, రెవెన్యూ పత్రాలు చూసి కట్టిన సంవత్సరం తేల్చుకున్నాకే కలెక్టరుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు అర్జీ పెట్టండి.

జవాబు 3:
తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ దొర బంగళా శిథిలమైతే, ఆ స్థలంలో రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టింది మన కడపలోనే కదా! అక్కడ బంగళా దక్కలేదు. ఇక్కడ గోడలైనా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
పట్టా ముక్క లేదన్నా, కొక్కెం మాత్రం ఉంది. శిలాఫలకం మీద వెల్లవేశారు. ఆదివారం తడిగుడ్డతో తుడిచి చూస్తాను.