అమ్మకి మోకాలి ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, దిగులు తగ్గేదాకా ఆగాలా?

తెనాలి_అమ్మాయి:
అమ్మకి 66. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మార్చెయ్యాలి అన్నారు డాక్టర్ గారు. ఏడాదిగా గుడి లేదు, పేరంటం లేదు, ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లి పడుకుంటోంది, ఇంకెందుకూ పనికిరానే అంటోంది. ఆపరేషన్ అయితే నొప్పితో పాటు ఈ దిగులూ పోతుందని అన్నయ్య, ఈ దిగులుతో అసలు తట్టుకుంటుందా అని నేను. మీరేమంటారు?

సిద్దిపేట_శీను:
చేపియ్యి అక్కా, ఆగకు. మా నాయనకు నిరుడు అయింది. మొదటి నెల నరకమే, అబద్ధం చెప్ప. మూడు నెలలకు ఒక్కడే చాయ్ హోటల్‌కి నడుసుకుంట పోయిండు. రాత్రిళ్లు నిద్ర లేక అందరి మీద కసిరేటోడు, ఇప్పుడు మనవడితోని ముచ్చట్లు పెడుతుండు. ఖర్చంటవా, 2017 ఆగస్టుల ఇంప్లాంట్ అంటే లోపల పెట్టే కృత్రిమ మోకాలు రేట్లకు కేంద్రం సీలింగ్ పెట్టింది, లక్షన్నర పైన ఉన్న కోబాల్ట్ క్రోమియం లోహంది అప్పుడు 54,720కి దిగింది.

గోదారి_గట్టు:
శీను గారూ, అందరికీ అలా అవ్వదండి. మా అత్తగారి ఆపరేషన్ చక్కగా కుదిరింది, ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు మెచ్చుకున్నారు కూడా, ఆవిడ మాత్రం ఏడుస్తూనే ఉండేవారు. ఇక కింద కూర్చోకూడదని ముందు ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్లు పీట మీద కూర్చుని దీపం పెట్టిన మనిషికి కుర్చీ వేస్తే, దేవుడి ముందు కాళ్లు చాపినట్టుందమ్మా అనేవారు. అయిదుగురిలో ఒకరి దాకా సంతృప్తి లేదంటారని అధ్యయనాల్లో ఉంది, ముందునుంచే దిగులు ఉన్నవాళ్లకి తర్వాత నొప్పి ఎక్కువ మిగులుతుందని కూడా. ముందు మనసుకి చూపించండి.

సిద్దిపేట_శీను:
నొప్పి వల్లనే దిగులైతే, నొప్పి పోకుండ దిగులెట్ల పోతదండి?

ఫిజియో_బెజవాడ:
నేను ఫిజియోని. ఆపరేషన్ అయినవాళ్ల మోకాలు వంచుతుంటే కొందరు దుప్పటి గుప్పిట్లో బిగించి పళ్లు కొరుక్కుని చేస్తారు, మనసు బాగోనివాళ్లు రేపు చేద్దాం బాబూ అంటారు, ఆ రేపులు వారాలైతే కాలు బిగుసుకుపోతుంది. నేను భయపడేది దానికే. అలాగని శీను గారి మాట తప్పు కాదు, 2015లో డెన్మార్క్‌లో 100 మందితో చేసిన ట్రయల్‌లో నొప్పి, నడక ఎక్కువ బాగుపడింది ఆపరేషన్ వాళ్లకే. కానీ వ్యాయామం, బరువు తగ్గడం, మందులతో ఉన్నవాళ్లలో ఏడాదిలోపు ఆపరేషన్‌కి వెళ్లింది నాలుగో వంతే. దిగులు పూర్తిగా పోయేదాకా ఆగక్కర్లేదు మేడమ్, దానికి వైద్యం మొదలుపెట్టి తొడ కండరాల వ్యాయామాలు ఇప్పటినుంచే చేయించండి. ఏ మందులు వాడుతున్నా మత్తు డాక్టర్‌కి చెప్పండి.

తెనాలి_అమ్మాయి:
రాత్రి అమ్మ పక్కన కూర్చుని అడిగా, కాలు బాగైతే ఏం చెయ్యాలనుందమ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత, పెరట్లో జాజి పందిరి దాకా ఎవర్నీ పట్టుకోకుండా వెళ్లి పూలు కోసుకోవాలే అంది. కింద కూర్చోవడం కుదరదని చెప్పేశా, కాస్త బాధపడింది. సోమవారం మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తున్నాం, ఫిజియో కూడా మొదలు. ఆపరేషన్ డేట్ అమ్మే చెప్తానంది.