కొత్త ఇయర్‌ఫోన్లలో మృదంగం ఎక్కడికి పోయింది?

నాగోలు ప్రయాణికుడు:
నాలుగేళ్లు వాడిన ఇయర్‌ఫోన్లలో ఒక పక్క మూగబోవడంతో, పది రోజుల క్రితం ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో చెవి లోపలికి దూరే రకం కొత్త జత కొన్నాను. నాగోలు నుంచి అమీర్‌పేట వరకు మెట్రోలో రోజూ కచేరీలు వింటూ వెళ్లడం నా అలవాటు. కొత్తవాటిలో మృదంగం ఎడమవైపు నాదం అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. గాయని ‘స’ పలికినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టవుతోంది. యాభై గంటలు ఆపకుండా మోగిస్తే దారికొస్తాయని కొట్టతను చెబితే రెండు రాత్రులు అలాగే వదిలేశాను గానీ, తేడా ఏమీ తెలియలేదు. ఇవి మారతాయా, నేనే మారాలా?

కోఠి శ్రోత:
ముందు రబ్బరు తొడుగులు చూడండి. చెవికీ తొడుగుకీ మధ్య సందు ఉంటే మొదట జారిపోయేది మంద్రస్వరమే. పాట మోగుతుండగా వేలితో మెల్లగా లోపలికి నొక్కినప్పుడు మృదంగం ఒక్కసారిగా నిండుగా పలికితే, మీ తొడుగు కొలత సరిపోలేదన్నమాట. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలనేమీ లేదు. నాకు ఎడమకు మధ్యరకం, కుడికి పెద్దది పడతాయి.

తార్నాక రాత్రిపక్షి:
మోగించి మోగించి దారికి తేవడమనే మాటలో నాకు పెద్దగా నమ్మకం లేదు, ఎందుకంటే తొడుగును తీసి మళ్లీ పెట్టుకోవడంలో వచ్చే తేడాయే దానికంటే ఎక్కువ. నిజంగా మారేది మన మెదడు: నాలుగేళ్ల పాత ధ్వనినే అది ప్రమాణంగా పెట్టుకుంది. పైగా బోగీ హోరు మంద్రస్వరాలను మింగేస్తుంది కాబట్టి మెట్రోలో విని తీర్పు చెప్పకండి. బాగా తెలిసిన ఒకే కచేరీని వారం పాటు రాత్రిపూట ఇంట్లో వినండి. సన్నగా పెట్టి వింటే మంద్రం మరీ పలచబడినట్టు తోచడం చెవి స్వభావమే. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అలాగని శబ్దం పెంచుకుంటూ పోవద్దు. పెద్దవారికి 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పటికీ ‘స’ గుచ్చుతుంటే, ఫోన్‌లో హెచ్చు, తగ్గు స్వరాలను విడివిడిగా సర్దుకునే ఈక్వలైజర్‌లో 6,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెళ్లు తగ్గించండి.

నాగోలు ప్రయాణికుడు:
కుడి చెవికి పెద్ద తొడుగు వేయగానే మృదంగం తిరిగొచ్చింది. ‘స’ కోసం మూడు డెసిబెళ్లు తగ్గించాను. వారం గడిచాక తీసేసి చూస్తే, మునుపటంత బాధ లేదు. ఒక పక్కే పలికే పాత జతను నిన్న పెట్టుకుంటే గాయని దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టనిపించింది. కొత్త చిక్కల్లా, తొడుగు బాగా బిగిసినందువల్ల ప్రకటన వినబడక ఈ ఉదయం అమీర్‌పేట దాటి మధురానగర్‌లో దిగాను.